ట్రయల్ రూమ్ లేదు, ఎక్స్ఛేంజ్ కూడా లేదు: విజయవాడలో పెళ్లి బట్టలు కొనేవాళ్లు జాగ్రత్త

కార్తీక మాసం పెళ్లిళ్లకు బట్టలు కొనబోతున్న వాళ్లందరికీ ముందుగా ఒక మాట. ట్రయల్ రూమ్ మూసేసిన షాపులో "సరిపోకపోతే మార్చేస్తాం" అని సేల్స్‌మన్ నోటితో చెప్పే మాట నమ్మి డబ్బు కట్టకండి. ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. రాయం అంటే ఆ షాపులో సైజు చూసి కొనాల్సిన బట్ట ఏదీ కొనకండి. చీరలు, పంచెలు కొనుక్కుని వచ్చేయండి.

ఇది 2020లో, కోవిడ్ రోజుల్లో మాకు జరిగిన సంగతి. ఆ ఏడాది అధిక ఆశ్వయుజం వచ్చి దసరా అక్టోబరు చివరికి పోయింది. వేసవిలో జరగాల్సిన పెళ్లిళ్లు లాక్‌డౌన్ వల్ల వాయిదా పడి అప్పుడు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మా తమ్ముడి పెళ్లి కూడా అలా వాయిదా పడిందే. అందుకే ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు, బందరు రోడ్డు ఎటు చూసినా షాపుల్లో జనం. జూన్ 8 నుంచి మాల్స్ తెరిచారు గానీ పెద్ద షోరూముల్లో చాలావాటిలో ట్రయల్ రూములకు అప్పటికింకా తాళాలే. ఒకరు వేసి విప్పిన బట్ట ఇంకొకరు వేసుకోకూడదని, గాలి ఆడని చిన్న గదిలో ఒకరి తర్వాత ఒకరు నిలబడకూడదని వాళ్ల జాగ్రత్త. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ తాళం వల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలి? నా బాధ అంతా దాని గురించే.

65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు అవసరమైతే తప్ప బయటికి రావద్దని అప్పటి కేంద్రం సూచనల్లోనే ఉండేది. మా ఇంట్లో సరిగ్గా ఆ ఇద్దరికే బట్టలు కావాలి. నాన్నకి షర్టులు, మా పాపకి రెడీమేడ్ పట్టు పరికిణీ, జాకెట్టు. ఇద్దరినీ ఇంట్లోనే ఉంచి నేనూ మా వారూ వెళ్లాం. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు సంగతి కాదు. మా చుట్టాల్లోనే ఇంకో ఇద్దరికి వేరే వేరే చోట్ల ఇదే జరిగింది.

నాన్న పాత షర్టు ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లాను, పక్కన పెట్టి చూద్దామని. సేల్స్‌మన్ ఒప్పుకోలేదు. పెట్టెలో షర్టు పిన్నులు తీస్తే మళ్లీ మడత రాదట. "నలభై రెండు అంటే నలభై రెండేనండీ, అన్నిటికీ ఒకటే కొలత. ఇంటికి తీసుకెళ్లి వేయించి చూడండక్కా, ట్యాగు తీయకుండా తెచ్చేయండి, మార్చేస్తాం" అన్నాడు. పాప పరికిణీ దగ్గరున్న అమ్మాయి కూడా అదే మాట. జాకెట్టు మీద 8-9 ఏళ్లు అని రాసి ఉంది. బిల్లు కొట్టే కౌంటర్లో కూడా అడిగాను, "మారుస్తారు కదండీ?" అని. తల ఊపారు.

ఇంటికొచ్చి చూస్తే నాన్నకి ఆ షర్టు బొత్తాలు పడలేదు. పాప జాకెట్టు చంకల దగ్గర పట్టేసి, పిల్ల చేతులు పైకెత్తలేకపోయింది. ట్యాగులు అలాగే ఉన్నాయి, మడత కూడా చెడలేదు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్తే కౌంటర్లో కూర్చున్న ఆయన సంచి ముట్టుకోలేదు. "ఒకసారి బయటికెళ్లిన బట్ట కోవిడ్ వల్ల లోపలికి తీసుకోకూడదు మేడమ్, రూలు" అన్నారు. బిల్లు తిప్పి చూపించారు. వెనక వైపు చివర్లో, చీమ తలకాయంత అక్షరాల్లో, మార్పిడి లేదని ఉంది. నేను అడిగిన మాటకు తల ఊపింది ఈయనే!

ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. వేసి చూస్తామంటే వైరస్ అన్నారు. వెనక్కి తీసుకోమన్నా అదే వైరస్ అన్నారు. అదే షాపులో అదే సమయంలో చీరల కౌంటర్ దగ్గర ఒకే చీర కుచ్చిళ్లు పోసి భుజాన వేసి నలుగురికి చూపిస్తున్నారు. తిరిగొచ్చిన బట్టల్ని ఒకటి రెండు రోజులు విడిగా పక్కన పెట్టి, ఆవిరి ఇస్త్రీ చేసి మళ్లీ ర్యాకులో పెట్టిన షాపులు ఉన్నాయి. చేయాలనుకుంటే దారి ఉంది. డబ్బు వెనక్కి ఇవ్వడం ఇష్టం లేనివాళ్లే జబ్బు పేరు చెప్పుకున్నారు.

చాలాసేపు మాట్లాడాక క్రెడిట్ నోట్, అంటే డబ్బుకి బదులు అదే షాపులో మళ్లీ కొనుక్కోవడానికి చీటీ, ఇస్తామన్నారు. దాని షరతులు ఏమిటంటే, 15 రోజుల్లో వాడాలి, ఆఫర్ సరుకుకి చెల్లదు, ఆ సెక్షన్‌లోనే కొనాలి. దసరా తర్వాత వాళ్ల దగ్గర ఆఫర్ లేని సరుకు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. మేం తీసుకోలేదు. మీకు అలాంటిది ఇస్తే గడువు, షరతులు మొత్తం చదివాకే సంతకం పెట్టండి.

ఇంటికొచ్చాక ఆ షర్టు పరుపు మీద పరిచి, పక్కన నాన్న పాత షర్టు పరిచి టేపు పెట్టాను. చంక కింద అడ్డంగా పాతది 24 అంగుళాలు, కొత్తది 21.5. రెండూ 42 అనే ఉన్నాయి. అనుమానం వచ్చి కాలర్ లోపల చూశాను. 42 అని ఉన్న చిన్న లేబుల్ తెల్ల దారంతో కుట్టి ఉంది. షర్టు మొత్తం క్రీమ్ రంగు దారం. లేబుల్ అంచు గోటితో ఎత్తితే కింద పాత కుట్టు విప్పిన సూది రంధ్రాలు వరసగా కనిపించాయి, ఒక రంధ్రంలో క్రీమ్ రంగు దారం ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. పక్క కుట్టు లోపల, ఉతికే పద్ధతి రాసి ఉండే లేబుల్ మీద మాత్రం 39 అలాగే ఉంది. దాన్ని మార్చడం మర్చిపోయారు. కొన్న రెండు షర్టులూ అంతే.

కాబట్టి షాపులోనే రెండు లేబుల్స్ చూడండి, కాలర్ దగ్గరది, పక్క కుట్టులోది. రెండు అంకెలూ ఒకటేనా, దారం రంగు కలిసిందా అని చూడండి. పెట్టె విప్పనివ్వకపోతే అది వదిలేసి హ్యాంగర్‌కి వేలాడే షర్టు తీసుకోండి.

సైజుల గురించి ఇంకో సంగతి. ఫార్మల్ షర్టుల మీద ఉండే 39, 40, 42 అనేవి చాలా బ్రాండ్లలో కాలర్ కొలతలు, అవి కూడా సెంటీమీటర్లలో. ఛాతీ అంగుళాలు కావు. కుర్తీ మీద 42 అంటే మామూలుగా ఛాతీ అంగుళాలు. అంకె ఒకటే అయినా కొలిచేది వేరు. అదీగాక స్లిమ్ ఫిట్ అయితే అదే అంకెకి ఛాతీ, నడుము రెండూ తగ్గిపోతాయి. అందుకే అంకెను నమ్మకుండా కొలత నమ్మండి. ఇంట్లో వాళ్లకి బాగా కుదిరిన బట్ట ఒకటి తీసి, బొత్తాలు పెట్టి, సమంగా పరిచి కొలుచుకోండి. షర్టుకి చంక కింద అడ్డంగా, ఒక భుజం కుట్టు నుంచి ఇంకో భుజం కుట్టు దాకా, కాలర్ కింద నుంచి అంచు దాకా పొడవు, చెయ్యి పొడవు. ప్యాంటుకి నడుము, తొడ, లోపలి కుట్టు పొడవు, వీటన్నిటికన్నా ముఖ్యంగా ముందు వైపు నడుము పట్టీ నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా. పొట్ట ఉన్న మగవాళ్లకి ప్యాంటు కుదరకపోవడం చాలాసార్లు ఆ చివరి కొలత దగ్గరే వస్తుంది. ఫుట్‌పాత్ మీద ప్యాంటు నడుము మెడ చుట్టూ తిప్పి చూపిస్తారే, ఆ పద్ధతి వాళ్లకి పనికిరాదు. కొలతలు ఫోన్‌లో రాసుకుని, హ్యాండ్‌బ్యాగ్‌లో టేపు పెట్టుకుని వెళ్లండి. కౌంటర్ మీద బట్ట పరిచి కొలవడానికి ఏ షాపువాడైనా అడ్డుపడితే అక్కడ ఆగకండి.

పిల్లల బట్టలకి వయసు చూడనే చూడకండి. మా పాప వయసు పిల్లలు ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకళ్లు ఇంకొకళ్ల చెవి దాకా ఉంటారు. జాకెట్టు తిరగేసి పక్క కుట్టు లోపల ఎంత బట్ట వదిలారో చూడండి. మాది అర అంగుళం కూడా లేదు. మా వీధి టైలరమ్మ చూసి "ఇందులో విప్పడానికి ఏముందమ్మా" అని తిరిగిచ్చేసింది.

ఆల్టరేషన్ ఉచితం అనే బోర్డుతో కూడా జాగ్రత్త. మా పిన్ని కూతురికి జరిగింది ఇదే. కుర్తీ లూజుగా ఉందేమో అని తనింకా ఆలోచిస్తుంటే అక్కడికక్కడే రెండు పక్కలా పట్టించి ఇచ్చారు. ఇంటికెళ్లి వేసుకుంటే బిగుతు. తీసుకెళ్తే "కుట్టు పడ్డ బట్ట మార్చమండీ" అన్నారు. ఒంటి మీద చూడకుండా వేసిన కుట్టు అది. ముందు ఇంట్లో వేసి చూసి, తర్వాతే కుట్టుకి ఇవ్వండి. ఆ ఉచితం ఎన్ని రోజులు ఉంటుందో బిల్లు మీద రాయించుకోండి.

ఇక చట్టం సంగతి. గుంటూరులో లాయరుగా ఉన్న మా బాబాయి చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకు అమ్మి, బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కింద లెక్కేస్తారు. బిల్లు ఇవ్వకపోయినా అంతే. అయితే సరుకు బాగానే ఉండి మనకు కుదరకపోవడం, సరుకే తప్పు కావడం రెండూ ఒకటి కాదన్నారు బాబాయి. పాప జాకెట్టు మొదటి రకం. అక్కడ షాపు రాసిచ్చిన మాటే మనకు ఆధారం, రాసివ్వకపోతే వాదన బలహీనం. నాన్న షర్టులు రెండో రకం. 39 మీద 42 లేబుల్ కుట్టి అమ్మడం మోసమే, బిల్లు వెనక మార్పిడి లేదని రాసుకున్నా అది దానికి అడ్డు రాదు.

షర్టు లోపలి ఫోటోలు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1800-11-4000కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. తర్వాత షాపు మేనేజరే ఫోన్ చేశారు. షర్టుల డబ్బు వెనక్కి ఇచ్చారు, లేబుల్ గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. పరికిణీ డబ్బు రాలేదు, అది అలాగే బీరువాలో ఉంది. ఒకవేళ షర్టులకీ ఇవ్వకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాళ్లం. 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు లేదు, లాయరు ఉండాలనీ లేదు. మనవాళ్లు "ఈ మాత్రం దానికి ఎందుకులే" అని వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఆ లేబుల్ ఎన్ని షర్టుల మీద కుట్టి ఉంటారో ఎవరికి తెలుసు?

వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో హోల్‌సేల్‌గా కొనేవాళ్లకి ఇదంతా వర్తించదు. అక్కడ మార్పిడి ఆశించి ఎవరూ వెళ్లరు. టైం ఉన్నవాళ్లు మాత్రం రెడీమేడ్ జోలికే పోకండి. మంగళగిరి దాకా వెళ్తే చేనేత బట్ట దొరుకుతుంది, మీటర్ల లెక్కన తెచ్చుకుని కొలతలిచ్చి కుట్టించుకోవచ్చు. నాన్నకి చివరికి అలాగే కుట్టించాం. నూలు బట్ట అయితే కుట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది.

రెడీమేడే కొనాల్సి వస్తే, డబ్బు కట్టకముందే "ట్రయల్ రూమ్ లేనందున ఇన్ని రోజుల్లో సైజు మార్చబడును, సైజు లేకపోతే డబ్బు వాపసు" అని బిల్లు మీద పెన్నుతో రాయించి, షాపు స్టాంపు, సంతకం వేయించండి. రద్దీ వేళ రాయరు. పొద్దున షాపు తెరిచిన గంటలోపు వెళ్తే విసుక్కోకుండా రాస్తారు. ఆ మెరిసే పల్చటి కాగితం మీద వచ్చే బిల్లు కొన్నాళ్లకు అక్షరాలు వెలిసి తెల్లగా అయిపోతుంది. ఎండకు పెడితే ఇంకా తొందరగా పోతుంది. కౌంటర్ దగ్గరే ముందూ వెనకా రెండు వైపులా ఫోటో తీసి, ట్యాగు, లోపలి లేబుల్ ఫోటోలు కూడా తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపించి పెట్టుకోండి.