పక్కింటి పార్సిల్‌కు గేటు యాప్ ఎంతవరకు కాపలా?

హైదరాబాద్ పెద్ద అపార్ట్‌మెంట్లలో మైగేట్ లాంటి గేటు యాప్‌లు బాగా అలవాటయ్యాయి. డెలివరీ అబ్బాయి రాగానే వాచ్‌మన్ ఫ్లాట్ నంబరు కొడతాడు, మన ఫోన్ మోగుతుంది. లోపలికి పంపమనవచ్చు, వద్దనవచ్చు, గేటు దగ్గరే పెట్టించవచ్చు. ఊళ్లో లేనివాళ్లకు ఈ మూడో బటన్ నిజంగా మేలు, ఎదురింటివాళ్లను కదిలించే పనే ఉండదు. దానికి పూర్తి మార్కులు.

పక్కింటి పార్సిల్ తీసుకునే మనిషికి మాత్రం ఈ యాప్ రక్షణ సగమే. అది చూసేది మనిషిని, పెట్టెను కాదు. 302కు అనుమతి తీసుకుని లోపలికొచ్చినవాడు 304 బెల్ కొట్టినా దానికి తెలియదు. మోసం జరిగేది సరిగ్గా అక్కడే. మధ్యాహ్నం పూట వచ్చి, "ఎదురింటి మేడమ్ ఊళ్లో లేరంటండి, మిమ్మల్ని తీసుకోమన్నారు, 799 ఇవ్వమన్నారు" అంటాడు. అనుమానిస్తే తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి "మేడమ్‌తో" మాట్లాడిస్తాడు. అవతలి గొంతు ఎవరిదో? డబ్బిచ్చాక పెట్టెలో పాత గుడ్డ ముక్క.

వాడి ఫోన్‌లో మాట్లాడకండి. మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న నంబరుకు మీరే చేయండి. ఎత్తకపోతే పార్సిల్ వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు. క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ) అయితే ఎంత దగ్గరివాళ్లదైనా మీ చేతి డబ్బు కట్టవద్దు. చాలా షాపింగ్ యాప్‌లలో కొన్నవాళ్లే డెలివరీకి ముందు ఆన్‌లైన్‌లో కట్టేయవచ్చు, వాళ్లనే కట్టమనండి.

తర్వాత లేబుల్. పేరు, ఫ్లాట్ నంబరు, ప్రీపెయిడా సీఓడీయా, బార్‌కోడ్ దగ్గర ట్రాకింగ్ నంబరు చూడండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఆర్డర్ పేజీలోని నంబరుతో వాళ్లు సరిచూసుకుంటారు. స్పీడ్ పోస్ట్ అయితే ట్రాకింగ్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 13 ఉండాలి: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, 9 అంకెలు, చివర ఐ, ఎన్.

ఖరీదైన వస్తువులకు అమెజాన్ అడిగే ఓటీపీ మంచి ఏర్పాటే. అది కొన్నవాళ్ల ఫోన్‌కే వస్తుంది. లేబుల్ సరిచూశాకే వాళ్లు మీకు చెప్పాలి, మీరు డెలివరీ అబ్బాయికి చెప్పాలి. "ఆర్డర్ క్యాన్సిల్ చేయడానికి" అంటూ మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగితే అది వేరే మోసం. ఫ్లిప్‌కార్ట్ ఓపెన్ బాక్స్ డెలివరీని పక్కింటివాళ్ల తరఫున అస్సలు ఒప్పుకోవద్దు. పెట్టె విప్పి చూసి మీరు సరేనంటే అది కొన్నవాళ్లు సరేనన్నట్టే. మోడల్, రంగు మీకేం తెలుసు? తర్వాత గీత కనబడితే మాట పడేది మీరే.

ఇంకో మోసం: డెలివరీవాళ్లమంటూ ఫోన్ చేసి, అడ్రస్ కన్ఫర్మ్ చేయాలంటూ *21* లేదా *401* తో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటారు. చేస్తే మీ కాల్స్ వాళ్లకు మళ్లుతాయి, ఫోన్ చేసి చెప్పే ఓటీపీలతో సహా. పొరపాటున చేసి ఉంటే వెంటనే ##002# కొట్టండి, అన్ని కాల్ ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి.

మొత్తంగా గేటు యాప్‌కు 5కి 3. అనుమతి ఏ ఫ్లాట్‌కో ఆ అంతస్తు వరకే వెళ్లేలా వాచ్‌మన్ చూసుకునే చోట 4 ఇవ్వవచ్చు.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు చేతిలో ఉంచుకోండి. ఖాళీ పెట్టెను, దాని మీది లేబుల్‌ను పారేయకండి.