నీలం తిరిగిన సీసపు గుండ్ల అచ్చులు కొనేవారికి జాగ్రత్త

విజయవాడ వన్‌టౌన్‌లోని పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో వల గుండ్లు పోసుకునే ఉక్కు అచ్చు కొనే ఆలోచనలో ఉన్నవారు, బేరం తెగకముందే ఈ సంగతి చదవాలని కోరుతున్నాను. నేను 3,800 రూపాయలు పెట్టి కొన్న అచ్చు పది రోజులు కూడా పనికి రాలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ అచ్చు సందులోంచి కారిన సీసం మా తమ్ముడి పాదం మీద పడడం మరో ఎత్తు. దుకాణం పేరు నేను రాయడం లేదు. ఇలాంటి అచ్చు ఆ ఒక్కచోటే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు కాబట్టి, దుకాణాన్ని కాక వస్తువును గుర్తుపట్టడం తెలియాలి.

మాది ప్రకాశం బ్యారేజీ దాటగానే వచ్చే సీతానగరం. విసురు వలల అంచుకు కట్టే సీసపు గుండ్లను చుట్టుపక్కల ఊళ్లవారికి పోసి ఇవ్వడం మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఉన్న పని. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, పెరట్లో ఉన్న మా పాత అచ్చులు బురదలో కలిసిపోయాయి. మిగిలిన రెండు గుంటల ఇత్తడి అచ్చుతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాము. వలలు మళ్లీ కట్టించుకునేవారు పెరగడంతో, ఒక్కసారి పోస్తే ఆరు గుండ్లు వచ్చే అచ్చు కోసం వెతుకుతూ ఆ దుకాణానికి వెళ్లాను.

అక్కడ చూపించిన అచ్చు బయటి వైపు కొత్త గిన్నెలా మెరుస్తోంది. అచ్చు రెండు చెక్కలను, అంటే రెండు సగాలను, విడదీసి చూస్తే, లోపలి ముఖం మీద నడిమి రెండు గుంటల చుట్టూ నెమలి మెడ లాంటి నీలం, దాని చుట్టూ ఊదా, ఆ తరువాత గోధుమ రంగు, చివరల వైపు లేత గడ్డి రంగు కనిపించాయి. ఇదేమిటని అడిగితే, "కంపెనీ వేసిన నీలమండీ, తుప్పు పట్టకుండా వేస్తారు, ఇనుము గట్టిపడుతుంది కూడా" అన్నారు. చూడడానికి అందంగానే ఉంది. చేతిలో బరువుగా, పిడులు బిగుతుగా ఉన్నాయి. అచ్చు కొత్తదేనని నోటితో చెప్పారు కాని, ఇచ్చిన చీటీ మీద మొత్తం తప్ప మరో ముక్క లేదు. రాయించుకోకపోవడం నా తప్పు.

ఇంటికి వచ్చి మొదటి వాయి పోయగానే, చివరి గుంటల్లోని గుండ్లకు నడుం చుట్టూ రెక్క, అంటే సందులోకి పారిన పలుచని సీసపు అంచు, వచ్చింది. కొత్త అచ్చు వేడెక్కేదాకా రెక్క రావడం ఉన్నదే అనుకుని మరో పది వాయిలు పోశాను. నడిమి రెండు గుండ్లు చక్కగా ఉన్నాయి, చివరివి మాత్రం గుండ్రంగా లేవు. 15 గ్రాములు తూగవలసినవి అర గ్రాము, ముప్పావు గ్రాము ఎక్కువ తూగాయి. ఒక గుండుకు అర గ్రాము లెక్కలోది కాదని బయటివారికి అనిపించవచ్చు. వల అంచు చుట్టూ వందల గుండ్లు ఉంటాయి, బరువు ఒకవైపు ఎక్కువైతే విసిరినప్పుడు వల గుండ్రంగా విప్పుకోదు. అంతకంటే పెద్ద నష్టం ఆ రెక్క. పలుచని సీసపు అంచు నైలాన్ తాడును రోజూ కొద్దికొద్దిగా కోస్తూ ఉంటుంది. వల తెగాక గాని అది ఎవరికీ తెలియదు.

అచ్చును ఆటోనగర్‌లో మాకు తెలిసిన లేత్ పనివారి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన నీలం రంగు వంక చూసి ఏమీ అనలేదు. లోపలి ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనుక నుంచి టార్చి లైటు వేసి చూపించారు. నడిమిలో స్కేలు ఆనుకుని ఉంది, రెండు చివరల కింద నుంచి వెలుతురు వస్తోంది. రెండో చెక్క కూడా అంతే. రెండూ కలిపి బిగించాక చివర సందులోకి 0.40 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని ఉక్కు రేకు) నలగకుండా దూరింది. అప్పుడు ఆయన పిడి కూర్చునే గాడి లోపల గోటితో గీకి, పెచ్చులుగా లేస్తున్న బూడిద రంగు పొర చూపించి, "వీపు మీద గ్యాస్ మంట పెట్టారు బాబాయ్, పైన బఫింగ్ కొట్టారు, గాడిలోకి చక్రం పోలేదు" అన్నారు. వీపు అంటే చెక్క బయటి వైపు, బఫింగ్ అంటే చక్రంతో రుద్ది మెరుగు పెట్టడం.

ఈ మాట దగ్గరే అసలు విషయం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఉక్కును వేడి చేస్తే దాని ఉపరితలం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చాలా పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది. నీటి మీద తేలిన కిరోసిన్ చుక్క రంగులు చూపినట్టే, ఈ పొర కూడా తన మందాన్ని బట్టి రంగు చూపుతుంది. సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. వేడి ఇంకా పెరిగితే నీలం వెలిసి బూడిద రంగులోకి తిరుగుతుంది. తక్కువ వేడిలోనైనా ఎక్కువసేపు ఉంచితే పొర మందమై తరువాతి రంగుకు జరుగుతుంది. ఉలికి గట్టిదనం సరిచేసే కమ్మరి ఈ రంగులు మొనవైపు పాకడం చూసే నీటిలో ముంచుతాడు. గట్టిపరిచిన ఉక్కును మళ్లీ నీలం దాకా వేడి చేస్తే అది మెత్తబడుతుందే తప్ప గట్టిపడదు. దుకాణంలో నాకు చెప్పినది దీనికి సరిగ్గా తలకిందులు.

అయితే రంగు ఉన్న ప్రతి అచ్చూ పాడైనదని దయచేసి అనుకోవద్దు. నేను కూడా మొదట ఆ రంగునే నిందించాను, అది పొరపాటు. సీసం 327.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనం పోసేటప్పుడు దానికంటే కొంత ఎక్కువ వేడిలోనే ఉంటుంది. అటువంటి సీసాన్ని ఏళ్ల తరబడి పట్టిన ఉక్కు అచ్చు లోపల గడ్డి రంగో గోధుమ రంగో, నమ్మకంగా చాలాకాలం పనిచేసినదైతే ఊదానో రావడం సహజం. ఆ రంగు వల్ల గుండుకు ఏ లోటూ రాదు, దాన్ని ఎమిరీ కాగితంతో రుద్ది పోగొట్టడం వల్లనే గుంట అంచులు అరిగి కొత్త చిక్కు వస్తుంది. పనిలో తిరిగిన రంగు ఆరు గుంటల దగ్గరా, రెండు చెక్కల మీదా ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. కంపెనీలో తుప్పు పట్టకుండా వేసే నీలం కూడా మరలు, గాడులు, మూలలు సహా అంతటా ఒకే నల్లని నీలంగా ఉంటుంది. నాకు అమ్మిన అచ్చు మీద రంగు వలయాలుగా ఉంది. ఒకచోట నీలం, దాని నుంచి దూరం వెళ్లేకొద్దీ ఊదా, గోధుమ, గడ్డి రంగు. వేడి ఒక్కచోట పెట్టి చుట్టూ పాకినప్పుడే అలా వస్తుంది.

ఆ మంట ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. గుంటల్లో సీసం గడ్డకట్టి చెక్కలు విడిపోనప్పుడు, తొందరపడి గ్యాస్ టార్చి పెట్టేవారు ఉన్నారు. మంట తగిలిన చోట ఇనుము సాగబోతుంది, చుట్టూ ఉన్న చల్లని ఇనుము దాన్ని సాగనివ్వదు, ఆ ఒత్తిడికి వేడి భాగం తనలోకి తాను కుదించుకుపోతుంది. చల్లారాక ఆ వైపు పొడవు తగ్గి, దిమ్మ మంట పెట్టిన వైపుకు వంగుతుంది. వీపు మీద మంట పెడితే లోపలి ముఖం నడిమిలో ఉబ్బి చివరలు విడిపోతాయి. నాకు జరిగినది ఇదే. లోపలి నుంచి పెట్టి ఉంటే నడిమిలో సందు, చివరలు ఆనడం కనిపించేది.

కాబట్టి కొనేచోటే రెండు చెక్కలు మూసి, ఎండకో ట్యూబ్‌లైటుకో ఎదురుగా పట్టి చూడండి. సీసం పోసే నోళ్ల వైపు కాక పక్కల నుంచి వెలుతురు వస్తే ఎంత తక్కువ ధర చెప్పినా వద్దు. బీడీ కట్టకు చుట్టిన పలుచని కాగితాన్ని నాలుగు మూలలా పెట్టి బిగించి లాగితే అన్నిచోట్లా ఒకేలా పట్టుకోవాలి. బయట అంత మెరుపు ఎందుకు అవసరమైందో తప్పకుండా అడగండి. బఫింగ్ రంగును తుడిచేస్తుంది కాని వంకరను తీయలేదు. పిడి ఊడదీసి గాడి చూడనివ్వమని అడిగితే, నిజాయితీగా అమ్మేవారు అభ్యంతరం చెప్పరు.

అల్యూమినియం అచ్చుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అల్యూమినియం ఉక్కులాగా ఈ రంగులు చూపదు, 660 డిగ్రీల దగ్గర కరిగిపోయే దాకా తెల్లగానే ఉంటుంది. అంటే మంట పెట్టి మెత్తబరిచిన అచ్చును కూడా రంగు చూసి పట్టుకోలేము. అక్కడ మూసి చూడడం ఒక్కటే దారి. ఇత్తడిది అయితే మరో చిక్కు ఉంది. తగరం కలిసిన సీసం మసి పట్టించని ఇత్తడికి టంకంలా అతుక్కుంటుంది, గుంటలో వెండి రంగు మచ్చ కనిపిస్తే అది అదే.

అచ్చు తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు దుకాణంలో అన్న మాట, ఇది చదివేవారందరూ గుర్తుంచుకోవలసినది. "మీరే మంట ఎక్కువ పెట్టి పాడుచేశారు, రంగు చూస్తే తెలియడం లేదా" అన్నారు. మొన్న కంపెనీ నీలం అన్న అదే రంగు, ఈసారి నా తప్పుకు సాక్ష్యం అయింది. కొనేముందు లోపలి ముఖాల ఫోటో తీసుకుని ఉంటే ఈ మాట చెల్లేది కాదు. అందుకని డబ్బు ఇచ్చే ముందే, దుకాణంలోనే, రెండు చెక్కల లోపలి ముఖాలనూ వీపులనూ ఫోటో తీయండి. చీటీ మీద తేదీతో పాటు "కొత్తది" అనో "వాడినది" అనో, ఏ లోహమో రాయించుకోండి.

మా తమ్ముడికి జరిగినది కూడా చెప్పాలి. ఉదయం కురిసిన వానకు అరుగు సిమెంటు ఇంకా తడిగా ఉంది. చివరి గుంట సందులోంచి సన్నగా కారిన సీసం ఆ తడి మీద పడింది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. టప్‌మని పేలి సీసం తుంపరలు ఎగిరాయి. చెప్పులు వేసుకున్న పాదం మీద చింతగింజంత బొబ్బలు నాలుగు వచ్చాయి, కంటికి తగలకపోవడం దేవుడి దయ. ఆ రోజు నుంచి అచ్చు కింద పొడి ఇసుక పోసిన ఇనుప పళ్లెం లేకుండా, బూట్లూ కళ్లద్దాలూ లేకుండా ఎవరినీ గరిటె పట్టనివ్వడం లేదు. సీసం కరిగించే పాత్ర మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. తెట్టు తీసిన పొడి పిల్లలు తిరిగే చోట పడకూడదు, సీసం ఒంట్లోకి చేరితే ఇంత దాకా పరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారు ఆ పని మానుకోవాలని కూడా వేడుకుంటున్నాను. అందులోని ఆమ్లంతో పాటు, ఆ తెట్టుకు తడి తగిలితే విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది.

ఇప్పటికే మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొన్న పనిముట్టు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. నేను ఆటోనగర్‌లో రాయించుకున్న కొలతల కాగితంతో ఫిర్యాదు పెట్టాను.

నా అచ్చును తక్కువకు కొంటామని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు. చూడాలనుకునేవారికి మాత్రం చూపిస్తాను. ఆ రోజు దుకాణంలో ఇలాంటివే మరో రెండు జతలు బల్ల మీద ఉన్నాయి. రెండూ ఆరు గుంటలవే, బయట బఫింగ్ మెరుపు, కర్ర పిడులకు ఎర్ర రంగు, ఒకదాని పిడి చివర చిన్న పగులు. నేను తిరిగి ఇవ్వబోయి వెళ్లినప్పుడు అవి బల్ల మీద లేవు. విజయవాడలో గాని గుంటూరులో గాని, తాడేపల్లి సంతలో గాని అవి మీ చేతికి వస్తే, ముందు మూసి వెలుతురుకు పట్టి చూడండి.