లాల్‌దర్వాజాలో రెండేళ్లు అద్దెకున్నాక: ఇల్లు, గల్లీ రివ్యూ

మియాపూర్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి పాతబస్తీకి వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే, "అక్కడెందుకు బ్రో?" అని. పెద్ద కారణమేం లేదు. మా ఆవిడ ఉద్యోగం కోఠిలో, అత్తగారిల్లు గౌలిపురాలో. పైగా మియాపూర్‌లో డబుల్ బెడ్రూంకి కట్టే అద్దెకే ఇక్కడ పాత భవంతి ఇంట్లో పైభాగం మొత్తం ఇచ్చారు.

ముందు ఇంటి సంగతి. డంగు సున్నం గోడలు, రెండడుగుల మందం ఉంటాయేమో, పైన టేకు దూలాలు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కూడా ఫ్యాన్ చాలు, ఏసీ పెట్టించలేదు. కానీ వానాకాలం వచ్చిందంటే టెన్షనే. మొదటి ఏడాది జూలైలో మంచం మీద, బీరువా మీద, బియ్యం డబ్బా మీద తలా ఒక గిన్నె పెట్టుకుని పడుకున్నాం, గోడలకు చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులూడింది, మేస్త్రీ ఇవాళ వస్తా రేపొస్తా అంటూ దసరా దాకా లాగాడు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ టైముకు మోటరు వేయడం మర్చిపోతే మీ పని అంతే.

పార్కింగ్ లేదు. అస్సలు లేదు. మా గల్లీలోకి ఆటో వస్తే ఎదురుగా వచ్చే బండి వెనక్కి పోవాల్సిందే. కారును మెయిన్ రోడ్డు మీద ఒకాయన ఖాళీ జాగాలో నెలకింతని కట్టి పెట్టాను. వారానికోసారి దాని మీద దుమ్ము తుడవడానికి వెళ్లేవాణ్ని, నడపడానికి కాదు. హైటెక్ సిటీ ఆఫీసుకు వారంలో మూడు రోజులు వెళ్లాలి. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మెట్రో దాకా ఆటో, అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం, ఇంటి నుంచి గంటన్నర. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో పూర్తయితే బతుకు మారుతుంది, అప్పటిదాకా రోజూ ఐటీ కారిడార్‌కు వెళ్లాల్సినవాళ్లు ఇక్కడికి రాకండి.

మరి ఎందుకున్నావంటే, పొద్దున ఆరున్నరకు నడక మొదలుపెడితే ఇరవై నిమిషాల్లో చార్మినార్ దగ్గరుంటాను. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని ఆదివారం సాయంత్రం చూసినవాళ్లకు జనం తప్ప ఏం కనిపించదు. పొద్దున అయితే పావురాల రెక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఆకలెక్కువైతే గుల్జార్ హౌజ్ దాకా వెళ్లి బండి మీద వెన్న దోశ. తిరిగొచ్చేటప్పుడు మీర్ ఆలం మండీలో కూరలు. ఒకావిడ దగ్గరే ఆకుకూర కొంటాను, ఒక వారం వెళ్లకపోతే "ఏం బిడ్డా, ఊరికి పోయినవా?" అని అడుగుతుంది. మియాపూర్‌లో నాలుగేళ్లున్నా పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకు తెలీదు, అది నా తప్పే అనుకోండి.

లాడ్‌బజార్‌లో మా ఆవిడకు గాజులు చేయించింది మర్చిపోలేను. షాపులో ఉన్నవేవీ చేతికి సరిపోలేదు. లోపలున్న పెద్దాయన బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, సన్నగా సాగదీసి, కర్ర మీద కొలతకు వంచి, అది వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కోటి అద్దుకుంటూ పోయాడు. ఇరవై నిమిషాల్లో జత. 2024లో ఈ లక్క గాజులకు జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేకత అనే గుర్తింపు) వచ్చింది, ఆయన కుంపటికి మాత్రం ఇంకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు.

అన్నట్టు, లాల్‌దర్వాజాలో దర్వాజా ఉండదు. పాత కోటగోడకున్న పదమూడు దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి పురానాపూల్, దబీర్‌పురా రెండే. మా దగ్గర ఉన్నది సింహవాహిని మహంకాళి గుడి. ఆషాఢంలో మా బోనాల ఆదివారం ఇంట్లోంచి బయటికి రావాలన్నా, బయటినుంచి ఇంట్లోకి రావాలన్నా ముందే ప్లాన్ చేసుకోవాలి. డీజే దెబ్బకు దూలాల మీది దుమ్ము అన్నంలో రాలింది, అతిశయోక్తి కాదు. చిన్నపిల్లలున్నవాళ్లు ఆ రెండు రోజులు చుట్టాలింటికి పోవడం మేలు. మరుసటి రోజు ఘటాల (అమ్మవారి రూపంగా అలంకరించిన కలశాల) ఊరేగింపులో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. మొహర్రంకు దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం (ఊరేగించే పవిత్ర పీరు) కూడా ఏనుగు మీదే. మా అబ్బాయికి ఏనుగంటే జూ గుర్తుకు రాదు, రోడ్డే గుర్తొస్తుంది.

ఆన్‌లైన్ ఆర్డర్లంటారా, మా ఇంటి నంబరులో మూడు గీతలు, చివర ఒక 'ఎ'. డెలివరీ కుర్రాడు ఫోన్ చేస్తే "గుడి వెనక కిరాణా కొట్టు దగ్గరుండు భాయ్, నేనే వస్తున్నా" అంటాను. ఒకసారి ఫోన్ ఎత్తలేకపోతే పార్సిల్ ఆ కొట్టులోనే ఇచ్చేసి పోయాడు, కొట్టు ఆయన సాయంత్రం కొడుకుతో ఇంటికి పంపాడు.

ఇంటికి ఐదుకు మూడు, గల్లీకి నాలుగున్నర. పైకప్పుకు ఓనర్ మొన్న వాటర్‌ప్రూఫింగ్ చేయించాడు, మేమూ అగ్రిమెంట్ ఇంకో రెండేళ్లకు రాసుకున్నాం. కారు అమ్మేశాను.