ఏడు వందల రూపాయల్లో రేసింగ్: జడ్చర్ల నుంచి వెళ్లి కార్టింగ్ చేసి వచ్చాం

మాది జడ్చర్ల. ఇల్లు హైవే పక్కనే కాబట్టి రాత్రిపూట 44వ నంబర్ రోడ్డు మీద కుర్రాళ్లు కార్లు ఎట్లా తోలుతారో రోజూ చూస్తుంటాను. వాళ్ల ఆరాటం నాకు తెలుసు, నాకూ అదే పిచ్చి, కానీ వెనక లైటు లేని ట్రాక్టర్ ముందు పోతుంటే ఏం చేస్తారు? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగితే టికెట్ కొని చూశాను. అప్పటి నుంచి మనమూ ఒకసారి తోలాలి అని ఒకటే ఇది. పోయిన ఆదివారం తమ్ముణ్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ శివార్లలో చిన్న రేసు బండ్లు తోలే ఒక గో కార్టింగ్ ట్రాక్‌కి వెళ్లాను.

మనిషికి 10 ల్యాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ 10 చుట్లు, 700 రూపాయలు. హెల్మెట్ వాళ్లే ఇస్తారు, లోపల చెమట వాసన ఉంటుంది కాబట్టి తలకి కట్టుకోవడానికి దస్తీ తీసుకెళ్లండి.

సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. క్లచ్ లేదు, గేర్లు లేవు, ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి యాక్సిలరేటర్. రెండో ల్యాప్‌లో కారు అలవాటు కొద్దీ మలుపు మధ్యలో ఎడమ కాలు గట్టిగా తొక్కేశాను, బ్రేకు వెనక చక్రాలకే కదా, బండి గిర్రున తిరిగి టైర్ల గోడకి ఆనింది. అక్కడి పిల్లగాడు పరుగెత్తుకొచ్చి "అన్నా, మలుపు రాకముందే తొక్కు, లోపలికి పోయినంక వదిలెయ్" అన్నాడు. ఆ ఒక్క మాటతో మొత్తం మారిపోయింది. మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్ట్‌కి ఉండదు, వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, అందుకే మలుపులో లోపలి చక్రం కాస్త లేస్తేనే బండి హాయిగా తిరుగుతుంది. వెడల్పుగా వెళ్లి, లోపలి అంచు తాకి, మళ్లీ వెడల్పుగా బయటికి రావాలి. మొదటి ల్యాప్ 52 సెకన్లు, చివరిది 44.3. ఆ టైమ్‌లు ఉన్న చీటీ ఇంకా పర్సులోనే ఉంది. పక్కటెముకలు మాత్రం రెండు రోజులు నొప్పెట్టాయి, సస్పెన్షన్ లేదు మరి.

ఒక్కటి నచ్చలేదు. తమ్ముడికిచ్చిన కార్ట్ స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, చెబితే "అన్నీ అంతే" అన్నారు. గట్టిగా అడిగితే రెండో రౌండ్‌కి మార్చారు గానీ మొదటి 700 పోయినట్టే. మీరు మొదటి ల్యాప్‌లోనే చూసుకుని, తేడా ఉంటే చెయ్యెత్తి పక్కకి వచ్చేయండి.

మన సొంత కారుతో మట్టి మైదానంలో టైమ్‌కి పోటీపడే ఆటోక్రాస్ కూడా ఉంది. కానీ క్లచ్, టైర్ల అరుగుదల మన మీదే పడుతుంది, పైగా మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు, పాలసీలో రాసే ఉంటుంది. స్పీడ్ కన్నా లెక్క ఇష్టమైతే టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ బాగుంటుంది, చెప్పిన సగటు వేగంతో చెప్పిన టైమ్‌కే చేరాలి, ముందొచ్చినా పెనాల్టీయే. పక్కన లెక్కలు చూసే మనిషి ఉండాలి, మా తమ్ముడు సరిపోతాడు.

దానికన్నా ముందు ఇంకో రెండుసార్లు కార్టింగే చేస్తాను, ఈసారి జనం తక్కువుండే మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్లి ల్యాప్ 43 సెకన్ల లోపల తెచ్చుకోవాలి.