బోగస్ పింఛన్ల ఏరివేత: కంప్యూటరా, డాక్టరా, వార్డు సభా?

2024లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు వృద్ధాప్య పింఛను 4 వేలు, దివ్యాంగులది 6 వేలు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లది 15 వేలు అయ్యాక విశాఖలోనూ ఈ వాదన ముదిరింది. దొంగ సర్టిఫికెట్లను ఏరిపారేయాలని ఒకరు, పేదల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని ఇంకొకరు. బోగస్‌లు ఉన్నమాట నిజమే. పట్టుకునే దారి ఏదన్నదే అసలు సంగతి.

2024కు ముందున్న వైసీపీ ప్రభుత్వం ఆరు అంచెల పరిశీలన పెట్టింది. కారుందా, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు కాలుతోందా, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లుందా అని ఆధార్‌తో చూడటం. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు దీంతో సులువుగా దొరుకుతారు. కానీ జాలరిపేట లాంటి చోట ఒకే మీటరు కింద ముగ్గురు అన్నదమ్ముల కాపురాలుంటే? ముగ్గురి బిల్లూ తల్లి పేరున పడుతుంది, ఆమె పింఛనుకు ఎసరొస్తుంది. ఆ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో కంప్యూటర్‌కేం తెలుసు?

2025లో డాక్టర్ల చేత దివ్యాంగులకు మళ్లీ పరీక్షలు చేయించారు. వైకల్యం 40 శాతంలోపు అని తేలినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. నిజంగా మోసం చేసినవాళ్లను పట్టాలంటే ఇదే గట్టి దారి. అయితే కాలు ఈడ్చుకుంటూ వచ్చి క్యూలో నిలబడాల్సింది మాత్రం రోగే. పైగా, ఒక డాక్టరు 60 శాతం అని రాసిచ్చిన మనిషికి ఇంకో డాక్టరు 35 అంటే తప్పెవరిది? నోటీసు ఆ మనిషికే వెళ్తుంది, మొదటి సంతకం పెట్టినాయన హాయిగా ఉంటాడు. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇక ఉపాధి హామీలో ఉన్నట్టు సామాజిక తనిఖీ, అంటే వార్డు సభ పెట్టి పింఛనుదారుల పేర్లు అందరి ముందూ చదవడం. ఊళ్లో పనికొస్తుందేమో గానీ మధురవాడ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటువాళ్లెవరో తెలియదు. పైగా మానసిక జబ్బున్న పిల్లవాడి సంగతి వీధిలో చదివితే ఆ తల్లి ఏమైపోవాలి?

నన్నడిగితే డాక్టరు పరీక్షే మేలు, కాకపోతే ఇప్పుడున్నట్టు కాదు. అనుమానం చూపించడం వరకే కంప్యూటర్ పని, పేరు తీసేయడం కాదు. మంచం దిగలేనివాళ్ల ఇంటికి డాక్టరే వెళ్లాలి. అప్పీలు తేలేదాకా ఒకటో తారీఖు డబ్బు ఆగకూడదు. దొంగ సర్టిఫికెట్ అని రుజువైతే మొదటి విచారణ దానిమీద సంతకం పెట్టిన డాక్టరు మీదే జరగాలి.