పాత ఇంటికి కొత్త రంగు కనిపిస్తే అడ్వాన్సు ఇవ్వకుండా ఆగండి

పాత ఇల్లు కొనాలని చూస్తున్నవారు దయచేసి ఇది చదవండి. మీరు చూసి వచ్చిన ఇంట్లో రంగు వాసన ఇంకా పోలేదంటే తప్పకుండా చదవండి.

మేము కొన్న ఇల్లు పాతది. అమ్మకానికి పెట్టే ముందు గోడలన్నిటికీ కొత్తగా రంగు వేయించారు. హాల్లో నడుము ఎత్తు వరకు చెక్క ప్యానెళ్లు, కింది పడకగదిలో ఫాల్స్ సీలింగ్, పై అంతస్తు స్నానాల గదిలో మెరిసిపోయే టైల్స్. గోడల్లో చెమ్మ ఉందా, పైనుంచి ఎక్కడైనా నీరు కారుతుందా అని యజమానిని సూటిగా అడిగాము. అలాంటిది ఎప్పుడూ లేదన్నారు. మధ్యవర్తి కూడా వంత పాడారు. వానలు మొదలయ్యాక ఆ మూడు అలంకారాలూ దేనికోసమో తెలిసింది. ప్యానెళ్లు విప్పితే గోడకు పూసిన గిలాబా చేతికి ఇసుకలా రాలింది. ఫాల్స్ సీలింగ్ పైన స్లాబు పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. ఆ గది సరిగ్గా స్నానాల గది కింద ఉంది. అక్కడ కారుతున్న నేలను బాగుచేయకుండా పాత టైల్స్ మీదే కొత్తవి అతికించారు.

ఎక్కడెక్కడ లోపం ఉందో సరిగ్గా అక్కడే అందం అద్దారు. తెలియక చేసే పని ఇలా ఉండదు. నా కోపమంతా దాని మీదే.

గోడలోకి నీరు ఎలా చేరుతుందో తెలిస్తే ఈ మోసాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. ఇటుకల్లో, వాటి మధ్య గారలో సన్నని రంధ్రాలుంటాయి. నేలలోని నీరు వాటి గుండా పైకి పాకుతుంది. అందుకే పునాది మీద, గోడ మొదలయ్యే చోట నీటిని ఆపే పొర ఒకటి వేస్తారు. మేస్త్రీలు దాన్ని డీపీసీ అంటారు. అది లేకపోయినా, పాడైనా, లేదా ఇంటి బయట మట్టి పోసి, బండలు పరిచి నేలను దాని ఎత్తు దాటించినా చెమ్మ లోపలికి ఎక్కుతుంది. బయటి నేల ఆ పొరకు కనీసం 150 మిల్లీమీటర్లు కింద ఉండాలి. ఇలా కిందినుంచి ఎక్కిన చెమ్మ సాధారణంగా ఒక మీటరు ఎత్తు దగ్గర ఆగుతుంది. నీరు ఆవిరైపోయిన చోట అందులోని లవణాలు మిగిలి తెల్లటి పొడిగా పైకి తేలతాయి, రంగును బుడగల్లా లేపుతాయి. మా హాల్లో ప్యానెళ్లు నడుము ఎత్తు వరకే ఎందుకున్నాయో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది.

మరక గోడ మధ్యలో ఒక్కచోటే ఉండి, వానకూ ఎండకూ సంబంధం లేకుండా తడిగా ఉంటే పైపును అనుమానించాలి. పైకప్పు మూలల్లో, కిటికీ పైభాగంలో వాన తర్వాతే కనిపిస్తే నీరు బయటినుంచి వస్తోంది. గాలి ఆడని మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు మాత్రమే ఉంటే అది తరచుగా గదిలోని తేమే చల్లటి గోడకు తగిలి నీరుగా మారడం వల్ల వచ్చేది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కోదానికి మరమ్మతు వేరు, ఖర్చు వేరు. కారణం తేల్చకుండా ధర మాట్లాడుకోకండి.

రెండో హెచ్చరిక ఇల్లు కొన్నాక ఎదురయ్యేది. మాకు దెబ్బ మీద దెబ్బ తగిలింది ఇక్కడే. గోడ చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు, పొడి రాల్చి నీరు చొరబడని రంగు రెండు పూతలు వేస్తే చాలన్నాడు, హామీ కూడా ఇచ్చాడు. నీరు వచ్చే దారి మూయకుండా గోడ ముఖానికి అలాంటి పూత వేస్తే లోపలి తడి ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా గోడకు రెండో వైపు తేలుతుంది. మాకు రెండూ జరిగాయి. హామీ గురించి అడిగితే, గోడే చెడ్డదన్న జవాబు వచ్చింది.

పని వరుస ఒక్కటే. ముందు నీటిని ఆపాలి, తర్వాత గోడ ఆరాలి, ఆ తర్వాతే గిలాబా, చివర రంగు. ఆరడానికి పట్టే కాలాన్ని ఎవరూ నిజంగా చెప్పరు, ఎందుకంటే అంతవరకు వాళ్లకు పని ఉండదు. గోడ మందంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు దాదాపు ఒక నెల అన్నది నిర్మాణ రంగంలో వాడే ఉజ్జాయింపు లెక్క. అంటే తొమ్మిది అంగుళాల గోడ బాగా తడిస్తే నెలల తరబడి ఆగాల్సిందే. వారంలో రంగు వేసి ఇచ్చేస్తానన్నవారిని నమ్మకండి.

స్లాబు సంగతి ఇంతకంటే తీవ్రమైనది. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు లోహం కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి అది నెట్టే ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడతాయి. పైన పుట్టీ పూసినా, ఫాల్స్ సీలింగ్ కట్టినా తుప్పు ఆగదు, కంటికి కనిపించకుండా పెరుగుతుంది. కింద మనుషులు నిద్రపోయే గదిలో అది దాచి అమ్మారు. దాన్ని నేను క్షమించలేను.

ఇక ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు చేయాల్సినవి. వీలైతే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే వాసన చూడండి. అగరుబత్తి, రంగు, గది పరిమళం ఘాటుగా ఉంటే కిటికీలు తీయించి కాసేపు ఆగండి. టార్చిలైటును గోడకు దాదాపు ఆనించి వెలుగును పక్కనుంచి వేస్తే, ఎదురుగా చూసినప్పుడు తెలియని ఉబ్బులు, అతుకులు నీడలతో సహా బయటపడతాయి. గోడను వేలి కణుపుతో తట్టుతూ వెళ్లండి. బోలు శబ్దం వచ్చిన చోట గిలాబా గోడను వదిలేసింది. అనుమానమున్న చోట అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అతికించి ఒక రోజు ఉంచనివ్వమని అడగండి. గోడ వైపు తడి కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉంది, గది వైపు కనిపిస్తే గాలిలోని తేమ. ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైటు విప్పించి ఆ రంధ్రంలోంచి పైకి ఫోను కెమెరాతో ఫోటోలు తీయండి. నీటి మీటరు ఉంటే కుళాయిలన్నీ కట్టేసి, అంకె కదులుతోందేమో చూడండి. స్నానాల గది నేల మీద నీరు నిలబెట్టి 24 గంటల తర్వాత కింది గది పైకప్పు చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

పగుళ్ల విషయంలో, రంగు పొరలో వెంట్రుకవాసి గీతలకు భయపడనక్కర్లేదు. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగేవి, 5 మిల్లీమీటర్ల వెడల్పు దాటినవి మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాల్సిందే. ఆ ఇంజినీరును మీరే వెతుక్కోండి. మధ్యవర్తి పంపిన మనిషి వద్దు.

ఇవన్నీ చూశాక కొనాలా, వదిలేయాలా? పైపు కారడం, బయటి నేల ఎత్తు పెరగడం, గాలి ఆడకపోవడం వంటివి బాగుచేయగలిగినవే. మరమ్మతు అంచనా రాయించుకుని ఆ మేరకు ధర తగ్గించమనండి. చువ్వలు తుప్పుపట్టిన స్లాబు, కుంగుతున్న పునాది ఉన్న ఇల్లు ఎంత చవకగా వచ్చినా, ఇంజినీరు రాతపూర్వకంగా భరోసా ఇస్తే తప్ప వదిలేయమనే చెబుతాను. ఇప్పటికే ఉన్న ఇంటిని అందంగా మార్చుకోవాలనుకునేవారు కూడా కొత్త రంగు, వాల్‌పేపరు ఎంచుకునే ముందు ఈ పరీక్షలు చేయండి. చాలా పాత ఇంట్లో రంగు గీకించే పనైతే పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఒంట్లోకి చేరితే పిల్లల మెదడుకు హాని చేస్తుంది.

అగ్రిమెంటు రాసేటప్పుడు చెమ్మ, కారడం, పగుళ్లు, చివరిసారి రంగు ఎప్పుడు, ఎందుకు వేయించారు అన్న ప్రశ్నలకు యజమాని జవాబులను రాతలో తీసుకోండి. దాచిన లోపం తర్వాత బయటపడితే న్యాయవాది ముందుగా అడిగేది ఆ కాగితమే. మాకు నోటిమాట తప్ప ఏమీ లేదు. ఒక ప్యానెలు మరలు విప్పి చూపించమన్నా, గోడను తట్టి చూస్తామన్నా, సంతకం పెట్టమన్నా యజమాని ఒప్పుకోకపోతే ఆ రోజే ఆ ఇంటిని మీ జాబితాలోంచి తీసేయండి.