బోరు నీళ్లకు ‘ఉప్పు అక్కర్లేని సాఫ్ట్‌నర్’ అంటూ వస్తున్నారు, కొనేముందు ఇది చదవండి

ఒంగోలు చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఈ పోస్టు. పైపుకి వైరు చుట్టి, పక్కన గోడకి ఒక చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా బిగించి, బోరు నీళ్లు మెత్తబడతాయి, ఉప్పు పోయక్కర్లేదు, సర్వీసు ఖర్చు లేదు, ఫ్లోరైడ్ కూడా పోతుంది అని ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నారు. మా ఇంట్లో 34 వేలు తీసుకుని బిగించి వెళ్లారు. నీలం లైటు బాగా వెలుగుతోంది, నీళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు.

వాళ్ల డెమో చూస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. మన బోరు నీళ్లు ఒక గ్లాసులో, వాళ్లు తెచ్చిన నీళ్లు ఇంకో గ్లాసులో పోసి కడ్డీలున్న ఒక పరికరం ముంచి కరెంటు పెడతారు. కాసేపటికి మన గ్లాసు తుప్పురంగు తిరిగి పైన తెట్టు కడుతుంది, వాళ్లది తేటగా ఉంటుంది. మా అత్తయ్య అయితే ఆ పూట ఆ నీళ్లతో కాఫీ కూడా పెట్టనివ్వలేదు. ఆ తుప్పు నీళ్లలోంచి రాలేదండీ, ఇనప కడ్డీ కరిగి వచ్చింది. నీళ్లలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది, లేకపోతే పారదు, అంతే. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అదీ అదే రంగుకొస్తుంది. పైగా ఆ గ్లాసులోవి ఆర్వో నీళ్లు, వాళ్లు అమ్మే డబ్బా దాటి వచ్చినవి కావు!

బిగించాక కూడా షవర్ రంధ్రాలు మూసుకుపోతూనే ఉన్నాయి, కుళాయిల చుట్టూ తెల్లటి గార పేరుకుంటూనే ఉంది. ఫోన్ చేస్తే ‘పాత గార ఊడుతోంది సార్, కొన్నాళ్లు ఆగండి’ అన్నారు. ఆగాం. గీజర్ కాయిల్ పోయింది. ప్లంబర్ అబ్బాయి కాయిల్ బయటికి తీసి చూపించి, ‘అన్నా, ఆ డబ్బా ఉన్నా ఊడబీకినా ఈ నీళ్లు ఇట్టాగే ఉంటాయి, మొన్న ఇంకో ఇంట్లోనూ ఇదే కత’ అన్నాడు.

అప్పుడు చుక్కలు వేసి చూసే హార్డ్‌నెస్ కిట్ తెప్పించాం, హార్డ్‌నెస్ అంటే నీళ్లలో గార కట్టే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో ఆ లెక్క. చుక్కలు వేస్తుంటే నీళ్లు ఎర్రరంగు నుంచి నీలానికి మారతాయి, ఎన్ని చుక్కలకి మారిందో దాన్ని బట్టి లెక్క. డబ్బాకి ముందు లీటరుకి 720 మిల్లీగ్రాములు, దాటాక కూడా 720. తాగే నీళ్లకి బీఐఎస్ (ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) పెట్టిన హద్దు 200, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. ఈ లెక్క చెప్తే కంపెనీ నుంచి వచ్చిన మనిషి టీడీఎస్ మీటర్ తీశాడు. టీడీఎస్ అంటే కరిగి ఉన్న మొత్తం లవణాలు, దాంతో హార్డ్‌నెస్ తెలియదు. మంచి సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ పెద్దగా తగ్గదు, ఎందుకంటే అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. ఇంకా గట్టిగా అడిగితే, కాల్షియం పోదు సార్, స్ఫటికం ఆకారం మారుతుంది అన్నాడు. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పలేదే!

ఫ్లోరైడ్ మాట ఇంకా ఘోరం. కనిగిరి, పొదిలి వైపు జనానికి ఫ్లోరైడ్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. దాని హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, అదీ గత్యంతరం లేనప్పుడు. పైపుకి చుట్టిన వైరుతో అది పోదు, ఉప్పు పోసే అసలు సాఫ్ట్‌నర్‌తోనూ పోదు. ఆర్వో కావాలి, లేదా యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ కావాలి. ఈ డబ్బాని నమ్మి ఎవరైనా పిల్లలకి బోరు నీళ్లే తాగిస్తే?

నిజంగా సాఫ్ట్‌నర్ కావాలంటే రెసిన్ (కాల్షియం, మెగ్నీషియం పట్టుకునే గుళికలు) ట్యాంకు, పక్కన ఉప్పు ట్యాంకు ఉన్నదే తీసుకోండి. అందులోనూ సైజు చూసుకోవాలి. మా నీళ్లు రోజుకి వెయ్యి లీటర్లు వాడితే 720 గ్రాముల గార పదార్థం పట్టుకోవాలి. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములు పడుతుంది అనుకున్నా, 25 లీటర్ల మెషీన్ రెండు రోజుల్లోపే మళ్లీ ఉప్పుతో కడగాలి. ఈ ఉప్పు ఖర్చు ముందే అడగండి, నెలకో బస్తాతో అయిపోతుందని చెప్తే నమ్మొద్దు. కడిగిన ఉప్పు నీళ్లు కొబ్బరి చెట్టుకో, బోరు పక్క ఇంకుడు గుంతకో వదలకండి.

బిల్లు మీద లోపలికి వెళ్లే నీళ్ల హార్డ్‌నెస్ ఎంత, బయటికి వచ్చేది ఎంత అని రాసి సంతకం పెట్టమనండి. మా బిల్లులో ఆ అంకెలే లేవు, వెనక చిన్న అక్షరాల్లో ‘ఫలితాలు నీటిని బట్టి మారవచ్చు’ అని ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల వరకూ టైముంది. ఇదే డబ్బా మీ ఇంట్లోనూ ఉంటే బిల్లు, వాళ్లతో మాట్లాడిన మెసేజ్‌లు పారేయకుండా దాచి కింద ఒక మాట రాయండి, కలిసి వెళ్దాం.